నది మంచిచెడ్డలు చెప్పే నీటిపురుగులు

నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పు శివార్ల మీదుగా ప్రవహించి, హోసూరు సమీపంలోని కెలవరపల్లి జలాశయాన్ని చేరుతుంది. నగరపు మురుగును మోసే బెళ్లందూరు, వర్తూరు చెరువుల నీరు దారిలో ఈ నదిలోనే కలుస్తుంది. 2015లో బెళ్లందూరు చెరువుపై నురుగు అంటుకొని మండింది. ఆ నీరే దిగువన సరిహద్దు పల్లెల పొలాలకు పారుతోంది. నురుగు కంటికి కనబడుతుంది. నురుగు లేనినాడు నీటి స్థితి తెలిసేదెట్లా? నదిలోని పురుగులే అందుకు సాక్ష్యం చెబుతాయి.

సీసాలో పట్టిన నీటిని పరీక్షిస్తే, పట్టిన వేళ అది ఎట్లా ఉన్నదో తెలుస్తుంది. రాత్రి వదలిన వ్యర్థజలం తెల్లవారేసరికి దిగువకు పోవచ్చును. పురుగులు మాత్రం వారాలు, నెలల తరబడి అక్కడి రాళ్లకింద, బురదలో జీవిస్తాయి కనుక వచ్చిన మురుగునంతా అవే భరించవలసి ఉంటుంది.

మేఫ్లై అనే కీటకపు పిల్లపురుగుకు సాధారణంగా తోకవద్ద మూడు పోగులు, పొట్టకు ఇరువైపులా మొప్పలు ఉంటాయి. కాడిస్‌ఫ్లై పిల్లపురుగుల్లో పెక్కు రకాలు ఇసుకరేణువులతో, పుల్లలతో గూడు కట్టుకుంటాయి. వీటిలో చాలావాటికి నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉండాలి. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ ప్రాణవాయువును హరించగానే ఇవి కనుమరుగవుతాయి. అప్పుడు మిగిలేవి ప్రాణవాయువు కొరతకు ఓర్చే ఎర్రపురుగులు. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ వాటిలోనూ ఉండి, ఉన్న కొద్ది ప్రాణవాయువునే ఒడిసిపడుతుంది.

ఈ తేడా ఆధారంగా బ్రిటన్‌లో 1970 దశకంలో ఒక లెక్క రూపొందింది. ఒక్కొక్క పురుగు కుటుంబానికి 1 నుండి 10 వరకు మార్కులు ఇస్తారు. సున్నితమైన వాటికి ఎక్కువ, మురుగును ఓర్చేవాటికి తక్కువ. దొరికిన కుటుంబాల మార్కులను కూడి, కుటుంబాల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ పద్ధతిని దేశపు నదులకు అనువుగా మలచుకొన్నది. బెంగళూరులోని ఏట్రీ సంస్థ 2007లో కె.ఎ. సుబ్రమణియన్, కె.జి. శివరామకృష్ణన్ రచించిన నీటికీటకాల పరిశీలనా కరదీపికను ప్రచురించింది.

పరికరాలు స్వల్పమే: సన్నకన్నుల వల, తెల్లని పళ్లెం, భూతద్దం. రాళ్లను కదిలించి, కొట్టుకువచ్చిన పురుగులను వలలో పట్టి, పళ్లెంలో చూడాలి. నురుగు నీటిలో దిగరాదు. రాతి వాగులోని పురుగులన్నీ బురద నదిలో సహజంగానే ఉండవు. కాబట్టి ఒకే నదిలో, ఒకేవిధమైన చోట్ల, మురుగు కలిసే తావుకు ఎగువన, దిగువన పోల్చడమే న్యాయం.

మంచి పురుగులు కనిపించినంత మాత్రాన నీరు తాగరాదు. రోగక్రిముల పరీక్ష వేరు. అయినా ఏటేటా అదే రేవులో, అదే ఋతువులో దొరికిన పురుగుల పట్టిక రాసి ఉంచితే, నది ఎక్కడ, ఎప్పుడు చెడినదో చూపే ఆధారం ఊరి చేతిలో ఉంటుంది.