డ్రాఫ్ట్ కార్డుల సముదాయంలో వ్యూహరీతుల సమతుల్యత: బిట్రగుంట ఇతివృత్తంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం: ఆటగాళ్లు ముక్కలను ఒక్కొక్కటిగా ఎంచుకొని, ఆ ముక్కలతోనే తమ పేకను నిర్మించుకొని పోటీపడే క్రీడను 'డ్రాఫ్ట్' అంటారు. ఇటువంటి క్రీడకు సొంతంగా ఒక ముక్కల సముదాయాన్ని రూపొందించేటప్పుడు భిన్న వ్యూహరీతుల మధ్య సమతుల్యతను ఎలా సాధించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. నెల్లూరు జిల్లాలోని రైల్వే పట్టణం బిట్రగుంటను ఇతివృత్తంగా తీసుకొన్న ఒక ఊహాత్మక సముదాయం ఇందులో ఉదాహరణ. సమతుల్యత అంటే అన్ని రీతులకూ సమానబలం కల్పించడం కాదని, ప్రతి ఎంపికకూ ఒక మూల్యం ఉండేలా చూడడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డ్రాఫ్ట్, వ్యూహరీతి, సమతుల్యత, సంభావ్యత, పులిజూదం, బిట్రగుంట.

1. ఉపోద్ఘాతం

గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' 1993లో వెలువడింది. ముక్కలను సేకరించి, మార్పిడి చేసుకొని, ఎవరి పేకను వారే కూర్చుకొనే క్రీడాప్రక్రియ దీనితోనే విస్తృత ప్రచారం పొందింది. దాని నుంచి వికసించిన ఆటపద్ధతులలో డ్రాఫ్ట్ ముఖ్యమైనది. సాధారణంగా ఎనిమిది మంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరికి 15 ముక్కల కట్టలు మూడేసి ఉంటాయి. ప్రతి ఒక్కరూ కట్ట విప్పి, ఒక ముక్క తీసుకొని, మిగిలినవి పక్కవారికి అందిస్తారు. మూడు కట్టలూ ముగిసేసరికి ఒక్కొక్కరి చేతిలో 45 ముక్కలుంటాయి. వాటిలో సుమారు 23 ఏరుకొని, విడిగా లభించే 17 వనరుల ముక్కలు కలిపి, 40 ముక్కల పేకను సిద్ధం చేసుకొంటారు.

ఈ ప్రక్రియలో నైపుణ్యానికి ఉన్న స్థానాన్ని గ్రహించడానికి తెలుగునాట సుపరిచితమైన రమ్మీ ఉపకరిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1968లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యక్రీడగా పరిగణించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది దించాలో నిర్ణయించడం అందుకు ఆధారాలు. మూడుముక్కలాటను మాత్రం న్యాయస్థానం అదృష్టక్రీడల పక్షాన ఉంచింది. డ్రాఫ్ట్ కూడా ఎంపిక మీదనే నిలిచిన క్రీడ. అయితే సముదాయంలో ఒకే వ్యూహరీతి మిక్కిలి బలంగా ఉంటే, దానికి సంబంధించిన ముక్క ఎవరి కట్టలో పడిందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అప్పుడు నైపుణ్యక్రీడ మూడుముక్కలాటగా దిగజారుతుంది. రూపకర్త బాధ్యత ఇక్కడే మొదలవుతుంది.

2. సమతుల్యత: సమానత్వం కాదు

తెలుగు పల్లెల్లో రచ్చబండల మీద గీసుకొని ఆడే పులిజూదం అసమాన బలాల సమతుల్యతకు చక్కని నిదర్శనం. ఎక్కువగా ఆడే రూపంలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు ఉంటాయి. పులి దూకి మేకను చంపగలదు. మేక దేనినీ చంపలేదు. పైగా మేకలన్నీ పటంలోకి వచ్చేవరకు ఏ మేకా కదలరాదు. అయినప్పటికీ మేకలు గుమిగూడి పులులను కట్టివేయగలవు. రెండు పక్షాల ఆయుధాలు వేరు, లక్ష్యాలు వేరు. గెలుపు అవకాశం మాత్రం ఇరువురికీ సజీవంగా ఉంటుంది.

గంజీఫాలో మరొక పద్ధతి కనిపిస్తుంది. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు 12 చొప్పున 120 ముక్కలు ఉంటాయి. సగం రంగులలో సంఖ్య పెరిగేకొద్దీ ముక్క విలువ పెరుగుతుంది. మిగిలిన సగంలో క్రమం తలకిందులవుతుంది. ఒకచోట హీనమైన సంఖ్య మరొకచోట ఘనమవుతుంది. అంటే ముక్క విలువ దాని మీది అంకెలో మాత్రమే లేదు, అది చేరే సందర్భంలో ఉంది. డ్రాఫ్ట్ రూపకల్పనకు ఇది మూలసూత్రం.

3. బిట్రగుంట నమూనా

బిట్రగుంట నెల్లూరు, కావలి మధ్య విజయవాడ–చెన్నై రైలుమార్గం మీద ఉంది. ఆవిరి యంత్రాల కాలంలో ఇక్కడి లోకో షెడ్డు పేరెన్నికగన్నది. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు నివసించిన రైల్వే కాలనీ, ప్రసన్న వేంకటేశ్వరాలయం ఉన్న కొండ బిట్రగుంట, తూర్పున సముద్రతీరం ఈ ప్రాంతానికి ప్రత్యేకతను కల్పించాయి. ఈ ఇతివృత్తంతో 360 ముక్కల సముదాయాన్ని రూపొందిస్తున్నట్లు భావిస్తే, షెడ్డు, పట్టాలు, తీరం, పొలం, కొండ అనే ఐదు వర్గాలను ఏర్పరచవచ్చు. ఒక్కో ఆటగాడు రెండేసి వర్గాలను కలుపుకొంటే పది జంటలు ఏర్పడతాయి.

ప్రతి జంటకూ ఒక వ్యూహరీతి అవసరం. స్థూలంగా ఇవి నాలుగు. తక్కువ ఖర్చుతో త్వరగా దాడిచేసేది వేగరీతి. ఎక్స్‌ప్రెస్ బండి దీనికి తగిన రూపం. మధ్యస్థమైన ఖర్చుతో దృఢమైన ముక్కలను నిలిపేది మధ్యమరీతి. ప్రత్యర్థి ఎత్తులను అడ్డుకొంటూ ఆటను సాగదీసేది నియంత్రణరీతి. సిగ్నలు పడేవరకు బండిని నిలిపే వ్యవస్థ దీనికి సామ్యం. బొగ్గు, నీరు రెండూ చేరితేనే ఆవిరి పుట్టినట్లు, నిర్దిష్టమైన ముక్కలు కలిసినప్పుడే ఫలించేది మేళనరీతి. సాధారణంగా మధ్యమరీతి వేగాన్ని అడ్డుకొంటుంది. నియంత్రణరీతి దీర్ఘక్రీడలో మధ్యమరీతిని అధిగమిస్తుంది. వేగరీతి మేళనం పూర్తికాకముందే దెబ్బతీస్తుంది. ఈ పరస్పర నిగ్రహం చెడకుండా చూడడమే సమతుల్యత.

4. ముక్కల పంపిణీ

ఐదు వర్గాలకు 56 చొప్పున 280, పది జంటలకు మూడేసి చొప్పున 30, ఏ వర్గానికీ చెందని సామాన్య ముక్కలు 50 కేటాయిస్తే మొత్తం 360 అవుతుంది. ఎనిమిది మంది రెండేసి వర్గాలను ఎంచుకొంటే 16 వర్గస్థానాలు. వాటిని ఐదుతో భాగిస్తే ఒక్కో వర్గాన్ని సగటున 3.2 మంది పంచుకొంటారు. ఒక్కొక్కరికి ఒక్కో వర్గం నుంచి 17.5, రెండింటి నుంచి 35 ముక్కలు దక్కుతాయి. కావలసినవి 23. కాబట్టి రెండు వర్గాలలోనూ సగం ముక్కలు ఎవరికీ పనికిరానివైతే వాటిని నమ్ముకొన్నవారికి వర్గముక్కలతో మాత్రమే పేక నిండదు.

వేగరీతి విఫలం కావడానికి తరచు కారణం ఈ లెక్కను విస్మరించడమే. 40 ముక్కల పేకలో ఒక్క వనరు ఖర్చయ్యే ముక్కలు నాలుగే ఉంటే, మొదటి ఏడు ముక్కల చేతిలో కనీసం ఒకటి వచ్చే సంభావ్యత 55 శాతం. అవి ఎనిమిదైతే సంభావ్యత 82 శాతానికి పెరుగుతుంది. ఇద్దరు ఆటగాళ్లకు వేగరీతి అందుబాటులో ఉండాలంటే 16 ముక్కలు కావాలి. ఇతరులు తీసుకొనేవాటిని కూడా లెక్కిస్తే కనీసం 20 ఉంచడం క్షేమం. ఆకర్షణీయమైన పెద్ద ముక్కలను ముందుగా రచించి, చిన్నవాటిని ఖాళీలు పూరించడానికి వాడే రూపకర్త తెలియకుండానే వేగరీతిని బలహీనపరుస్తాడు.

5. మేళనం, ప్రత్యామ్నాయాలు

సముదాయంలో 540 ముక్కలుండి ఒక్కో ఆటకు 360 మాత్రమే వాడితే సమస్య మరింత జటిలమవుతుంది. ఒక ముక్క ఆ ఆటలోకి వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. 'బొగ్గు', 'నీరు' అనే రెండు ముక్కలూ వచ్చే అవకాశం సుమారు 44 శాతమే. సగానికి పైగా ఆటలలో ఆ వ్యూహం అసాధ్యం. దానిని నమ్మి మొదటి ముక్క ఎంచుకొన్న ఆటగాడు తన దోషం లేకుండానే నష్టపోతాడు. బొగ్గు పనిచేసే ముక్కలు మూడు, నీటి పనిచేసేవి మూడు ఉంచితే, ప్రతి పక్షం నుంచి కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 93 శాతం. ఒకే శక్తిమంతమైన ముక్క కన్నా, ఒకే పని చేసే మూడు సాధారణ ముక్కలు వ్యూహరీతిని నిలబెడతాయి.

అయితే ఆ ముక్కలు ఒకే రీతికి పరిమితమైతే మరొక దోషం తలెత్తుతుంది. ఇతరులెవరికీ అక్కరలేని ముక్కలు ఆ ఒక్కడికే చేరతాయి. ఎంపిక పట్టాల మీద బండిలా ముందే నిర్ణయమైపోతుంది. అందువల్ల ప్రతి ముక్క కనీసం రెండు రీతులకు ఉపయోగపడాలి. ఉదాహరణకు, పారవేసిన ముక్కను తిరిగి తెచ్చే 'షెడ్డు మేస్త్రీ' మేళనరీతికి ప్రాణం; నియంత్రణరీతికి సహాయకం. ఇద్దరు కోరుకొన్నప్పుడే ఆ ముక్కకు మూల్యం ఏర్పడుతుంది.

6. స్వయంసవరణ, దాని పరిమితులు

డ్రాఫ్ట్‌లో స్వయంసవరణ గుణం ఉంది. వేగరీతి కొంత బలమైనదని తెలిస్తే నలుగురు దాని వెంటపడతారు. ముక్కలు నలుగురి మధ్య చీలి ఒక్కొక్కరి పేక బలహీనమవుతుంది. ఎవరూ తాకని నియంత్రణరీతిని ఎంచుకొన్నవారికి సమృద్ధిగా ముక్కలు అందుతాయి. కనుక స్వల్ప అసమానతలను రూపకర్త సరిదిద్దనవసరం లేదు. రెండు సందర్భాలలో మాత్రం ఈ గుణం పనిచేయదు. బలమంతా ఒకే ముక్కలో ఉంటే దానిని పంచుకోవడం సాధ్యం కాదు. సామాన్య ముక్కలు మితిమీరిన బలం కలిగి ఉంటే వర్గాన్ని ఎంచుకోవలసిన అవసరమే తప్పిపోతుంది. అందువల్ల సామాన్య ముక్క వర్గముక్క కన్నా ఒక మెట్టు తక్కువగానే ఉండాలి.

పరీక్షాక్రీడల ఫలితాలను వ్యాఖ్యానించేటప్పుడు సంయమనం అవసరం. ఒక రీతి 100 ఆటలలో 56 గెలిచిందని దానిని బలహీనపరచడం తొందరపాటు. సమానబలం ఉన్నప్పటికీ 100 ఆటలకు ప్రామాణిక దోషం 5 శాతాంశాలు. ఆరు శాతాంశాల తేడా యాదృచ్ఛికం కావచ్చు. ఆటల సంఖ్య 400 అయితే దోషం 2.5కు తగ్గుతుంది, అప్పుడు అదే తేడా పరిగణించదగినది. అన్ని ఆటలు సాధ్యం కాని చిన్న బృందాలు గెలుపోటముల కన్నా వేరొకదానిని నమోదు చేయడం మేలు: ఏ ముక్కలు చివరిదాకా ఎవరూ తీసుకోకుండా తిరిగాయి, ఎవరికి 23 ముక్కలు నిండలేదు అన్నవి. ప్రతి డ్రాఫ్ట్ 360 ఎంపికలను నమోదుకు అందిస్తుంది.

7. ముగింపు

వ్యూహరీతుల సమతుల్యత మూడు అంశాల మీద ఆధారపడుతుంది: ప్రతి రీతికీ చాలినన్ని ప్రత్యామ్నాయ ముక్కలు, రీతుల మధ్య పంచుకోదగిన ముక్కలు, ఏ ఒక్క ముక్కా బల్లను శాసించని బలపరిమితి. పులిజూదంలో మేకకు పులి కోరలు ఇవ్వడం వల్ల ఆట సమం కాలేదు. మేకలకు చాలినంత సంఖ్య, చేరుకోదగిన లక్ష్యం ఉండడం వల్ల సమమైంది. బిట్రగుంట వంటి ఒక ఊరి జ్ఞాపకాలను ముక్కలుగా మలచే రూపకర్తకూ ఇదే కొలమానం. గూడ్సుబండిని ఎక్స్‌ప్రెస్‌తో సమానమైన వేగంతో నడపనవసరం లేదు. దానికీ గమ్యం చేరే దారి ఉంచితే చాలు. ఆ దారి ఉన్నప్పుడే బల్ల దగ్గర కూర్చున్న ఎనిమిదవ ఆటగాడికి సైతం చివరి కట్ట వరకు ఆలోచించవలసిన ఎంపిక మిగులుతుంది.