కంటిలోని చుక్క నీరు

ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏదైనా లోపం తలయెత్తినదని అనుమానం కలిగినప్పుడు మనము వెంటనే దాని మూత విప్పము. వాల్వు నుండి కొద్దిపాటి నూనెను సిరంజిలోనికి తీసి ప్రయోగశాలకు పంపుతాము. అందులో ఎసిటిలీన్ కనిపించినచో లోపల ఆర్కింగ్ జరుగుతున్నదనీ, ఎథిలీన్ హెచ్చినచో నూనె అతిగా వేడెక్కుతున్నదనీ, కార్బన్ మోనాక్సైడ్ పెరిగినచో కాగితపు ఇన్సులేషన్ మాడుతున్నదనీ గ్రహిస్తాము. వైండింగును చూడకుండానే దాని యోగక్షేమాలు నూనె ద్వారా తెలుస్తవి. నేత్రవైద్యులు కంటి విషయంలోనూ ఇటువంటి పద్ధతినే అవలంబిస్తున్నారని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యంతో పాటు కొంత ఆనందమూ కలిగినది. ఇంటిలోని పెద్దల శుక్లాల ఆపరేషన్లకూ, పసిపిల్లల కళ్ళకూ దీనితో సంబంధం ఉన్నందున ఆ వివరాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

కంటిగుడ్డులో రెండు ద్రవాలు కలవు. ముందుభాగాన, కార్నియాకూ కటకానికీ నడుమ నేత్రోదకం ఉంటుంది. దాని పరిమాణం పావు మిల్లీలీటరు మాత్రమే. అంటే సుమారు ఐదు చుక్కలు. నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున అది నిరంతరం ఊరుతూ, బయటికి పోతూ, దాదాపు రెండు గంటలలోపే పూర్తిగా మారిపోతుంది. బయటికి పోయే దారి మూసుకొన్నప్పుడు పీడనం పెరిగి నీటికాసుల వ్యాధికి దారితీస్తుంది. కటకం వెనుక జిగురువలె నిండియుండే రెండవది కాచావత్ ద్రవం. అది సుమారు 4 మిల్లీలీటర్లు. మొదటి దానివలె త్వరత్వరగా మారదు. కార్నియాకూ, కటకానికీ రక్తనాళాలు లేవు. వాటికి ఆహారం అందించడం, వ్యర్థాలను మోసుకొనిపోవడం నేత్రోదకం పని. అందుచేతనే లోపలి వార్తలు దానిలో ఉంటవి.

రక్తపరీక్ష చాలదా అని ప్రశ్న రావచ్చును. చాలదు. మెదడుకు వలెనే కంటికీ రక్తానికీ నడుమ ఒక అడ్డుగోడ ఉన్నది. ఉదాహరణకు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి ఎదురుగా పుట్టిన ప్రతిరక్షకాలు ఎందరో ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఉంటవి. అవి ఉన్నంత మాత్రాన కంటిలోని వాపుకు అదే కారణమని చెప్పలేము. 1954లో గోల్డ్‌మన్, విట్మర్ అనే నేత్రవైద్యులు దీనికొక లెక్క చూపారు. కంటి ద్రవంలోని మొత్తం ప్రతిరక్షకాలలో ఈ ప్రత్యేక ప్రతిరక్షకం వంతు ఎంతో కనుగొని, దానిని రక్తంలోని అదే వంతుతో భాగించాలి. ఫలితం మూడు నాలుగు దాటినచో అవి కంటిలోనే తయారవుతున్నవని, అనగా శత్రువు కంటిలోనే ఉన్నదని అర్థం. ఇటువంటి సులువైన భాగహారమంటే మా వంటి వారికి మక్కువ ఎక్కువ.

ఈ అడ్డుగోడ ఎంతటిదో 2014లో లోకానికి తెలిసివచ్చినది. పశ్చిమాఫ్రికాలో ఎబోలా ప్రబలిన ఆ సంవత్సరం, సియెర్రా లియోన్ దేశంలోని కెనెమాలో రోగులకు చికిత్స చేస్తూ అమెరికన్ వైద్యుడు డాక్టర్ ఇయాన్ క్రోజియర్ ఆ వ్యాధి పాలబడ్డారు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మృత్యుముఖం నుండి బయటపడి, రక్తంలో వైరస్ లేదని రుజువైన తరువాత ఇల్లు చేరారు. సుమారు రెండు నెలలకు ఎడమకన్ను వాచి చూపు క్షీణించసాగినది. నీలిరంగులో ఉన్న కన్ను ఆకుపచ్చగా మారినది. నేత్రోదకం తీసి పరీక్షించగా అందులో ఎబోలా వైరస్ సజీవంగా ఉన్నది! కన్నీటిలో మాత్రం దాని జాడ లేదు. కనుక ఆయనతో మెలగిన వారికి ప్రమాదం లేదని కూడా ఆ పరీక్షయే చెప్పినది. చికిత్స తరువాత ఆయన చూపు తిరిగి వచ్చినది.

ఇక మన ఇండ్లకు దగ్గరైన సంగతి. శుక్లాల ఆపరేషన్ తరువాత అరుదుగా కొందరికి కంటి లోపల చీము పడుతుంది. మొదటి కొద్ది రోజులలో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గుతుంది. అప్పుడు వైద్యులు కాచావత్ ద్రవాన్ని కొద్దిగా తీసి సూక్ష్మదర్శిని క్రిందనూ, కల్చర్ పద్ధతిలోనూ పరీక్షిస్తారు. కల్చర్ ఫలితానికి రోజులు పడుతుంది గనుక అదే కూర్చోబెట్టులో యాంటీబయాటిక్ మందును నేరుగా కంటిలోనికి ఎక్కిస్తారు. అమెరికాలో 420 మంది రోగులపై జరిపి 1995లో ప్రకటించిన పరిశోధనలో, దీనికి తోడు సిరద్వారా ఇచ్చిన మందు వలన అదనపు ప్రయోజనం కనబడలేదు. అడ్డుగోడ ప్రభావం ఇక్కడా ఉన్నది. మన పెద్దలకు నొప్పిని దాచుకొనే అలవాటు ఒకటి ఉన్నది. ఈ ఒక్క విషయంలో దానిని సాగనివ్వరాదు. గంటల జాప్యం కూడా చూపును హరించగలదు.

మన దేశంలో యువకులను బాధించే ఈల్స్ వ్యాధిలో రెటీనా రక్తనాళాలు వాచి కంటిలో రక్తస్రావం అవుతుంది. చెన్నైలోని శంకర నేత్రాలయ పరిశోధకులు 1999లో, పి.సి.ఆర్. పద్ధతి ద్వారా కొందరు రోగుల కాచావత్ ద్రవంలో క్షయ క్రిమి డి.ఎన్.ఏ. ఉన్నట్లు చూపారు. డి.ఎన్.ఏ. దొరికినంత మాత్రాన సజీవమైన క్రిమి ఉన్నదని అర్థం కాదు.

మమ్ము అన్నిటికన్న ఆకట్టుకొన్నది రెటినోబ్లాస్టోమా కథ. ఇది పసిపిల్లల కంటిలో వచ్చే క్యాన్సర్. శరీరంలో ఇతర గడ్డలకు సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తారు. ఈ గడ్డకు మాత్రం ఆ పని నిషిద్ధం. సూది వెంట క్యాన్సర్ కణాలు బయటికి పాకి, కంటికి పరిమితమైన వ్యాధి ప్రాణాంతకం కాగలదు. తరువాతి కాలంలో మెల్ఫలాన్ అనే మందును కాచావత్ ద్రవంలోనికి ఎక్కించే సురక్షితమైన పద్ధతి స్విట్జర్లండ్‌లో రూపొందినది. మందు ఎక్కించే ముందు పీడనం తగ్గించడానికి కొంచెం నేత్రోదకాన్ని తీస్తారు; సూది వెలుపలికి వచ్చే చోటును గడ్డకట్టిస్తారు. 2017లో లాస్ ఏంజిలిస్‌లోని పిల్లల ఆసుపత్రి వైద్యురాలు జెస్సీ బెర్రీ బృందం ఆ విధంగా తీసిన నేత్రోదకాన్ని పరీక్షించగా, గడ్డ నుండి రాలిన డి.ఎన్.ఏ. తునకలు అందులో లభించినవి. గడ్డను తాకకుండానే దాని స్వభావం తెలిసినది. 6వ క్రోమోజోము పొట్టి భుజం అదనంగా ఉన్న పిల్లలలో కన్ను దక్కని ప్రమాదం ఎక్కువని ఆ బృందమే తరువాత గమనించినది. ఏ కంటిని కాపాడుకొనవచ్చునో, ఏ కంటిని తీసివేసి బిడ్డ ప్రాణాన్ని నిలపవలెనో తేల్చుకొనవలసిన తల్లిదండ్రులకు ఇటువంటి ఆధారం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే వ్యాధిని మొదట గుర్తించడం నేటికీ ప్రధానంగా బిడ్డకు మత్తు ఇచ్చి కంటిని పరీక్షించడం ద్వారానే జరుగుతుంది. దానికి ముందు గమనించవలసినవారు ఇంటివారే. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కంటిపాప ఎర్రగానూ, రెండవది పిల్లి కన్నువలె తెల్లగానూ మెరిసినా, క్రొత్తగా మెల్లకన్ను కనిపించినా, ఆ వారంలోనే నేత్రవైద్యునికి చూపించవలెను.