వడగాడ్పు, పిడుగు, నిప్పు: గ్రీష్మంలో గృహస్థుల జాగ్రత్తలు

వేసవి వచ్చిందంటే మన ఇళ్ళలో రెండు పనులు మొదలవుతాయి. కొత్త కుండను కడిగి నీళ్ళు పోయటం ఒకటి. మిద్దె మీద వడియాలు, ఆవకాయకు మిరపకాయలు ఎండబెట్టటం రెండవది. మొదటిది ఎండ నుండి రక్షణ. రెండవది ఎండ వలన ప్రయోజనం. ఆ ఎండ హద్దు మీరినప్పుడు గృహస్థులు ఏమి చేయవలెనో, ముఖ్యంగా ఏమి చేయరాదో, వైద్యునిగా నా అనుభవాన్ని జోడించి వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మన ప్రాంతపు వేసవి తీరు

తెలుగునాట వేసవి అన్నిచోట్లా ఒకే విధంగా ఉండదు. తెలంగాణలో రామగుండం, కొత్తగూడెం, పల్నాటిలో రెంటచింతల, రాయలసీమలో కర్నూలు, నంద్యాల వంటి చోట్ల పొడిగాలుల వలన ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరటం కద్దు. కోస్తాలో మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి కొంత చల్లదనాన్ని ఇస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున ఆ చల్లగాలి లోపలికి రాలేదు. అప్పుడు విజయవాడ, మచిలీపట్నం కూడా కొలిమివలె మండుతాయి. గాలిలో తేమ అధికంగా ఉన్నచోట చెమట ఆరదు గనుక, తక్కువ ఉష్ణోగ్రతకే శరీరం అలసిపోతుంది.

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు గాని అంతకు మించి గాని పెరిగినా, లేక 45 డిగ్రీలకు చేరినా వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణిస్తుంది. మే నెలాఖరున ప్రవేశించే రోహిణీ కార్తె ఈ తాపానికి పరాకాష్ఠ. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా, 2015లో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి సుమారు రెండువేల మంది వడగాడ్పులకు బలైపోయారు.

ఇదే ఎండ గాలివానకు కూడా కారణం. బాగా కాగిన నేల మీదికి బంగాళాఖాతం నుండి తేమగాలి చేరినప్పుడు, ఆ గాలి వేగంగా పైకి లేచి సాయంకాలానికి ఉరుముల మేఘంగా మారుతుంది. వానకు ముందే ఈదురుగాలి వస్తుంది. ఎక్కడైనా నిప్పురవ్వ ఉంటే ఆ గాలే దానిని మంటగా మారుస్తుంది. కనుక వడ, పిడుగు, అగ్ని అనే ఈ మూడు ఆపదలు ఒకే ఇంటిబిడ్డల వంటివి.

ఋతుచర్య

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలో ఋతుచర్యను బోధించాడు. గ్రీష్మంలో సూర్యుడు ప్రాణుల బలాన్ని హరిస్తాడు. కఫం క్షీణించి వాతం సంచయమవుతుంది. అందుచేత మధురమైన, తేలికైన, చల్లని, ద్రవరూపమైన ఆహారం తీసుకొనవలెను. ఉప్పు, పులుపు, కారం, వ్యాయామం, ఎండ తగ్గించవలెను. పగటి నిద్రను ఈ ఋతువులో శాస్త్రం అనుమతించింది.

పంచాంగం ప్రకారం గ్రీష్మం జ్యేష్ఠాషాఢ మాసాలే అయినా, మనకు మార్చి నెలాఖరుకే ఆ లక్షణాలు కనిపిస్తాయి. కనుక ఋతుచర్యను మాసాన్ని బట్టి గాక ఎండను బట్టి ప్రారంభించవలెను. పలుచని మజ్జిగ, రాగి అంబలి, బియ్యపు గంజి, బెల్లపు పానకం, సబ్జాగింజల నీరు, కొబ్బరినీరు, తాటిముంజలు ఇందుకు అనువైనవి. కుండనీటిలో శుభ్రపరచిన వట్టివేళ్ళు వేస్తే నీరు చల్లగా, పరిమళంగా ఉంటుంది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఉప్పు తగ్గించమని శాస్త్రం చెప్పగా, మజ్జిగలో ఉప్పు వేయవచ్చునా? నీడపట్టున ఉండేవారికి శాస్త్రవాక్యమే చాలు. ఎండలో పనిచేసి చెమటోడ్చేవారు మాత్రం పోయిన లవణాన్ని తిరిగి పొందవలెను. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు (చెంచా తలకొట్టి) కలిపిన నీరు వారికి శ్రేష్ఠం. రక్తపోటు, మధుమేహం, హృద్రోగం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యుని సలహాపైననే దీనిని వాడవలెను.

వడదెబ్బ: నా పొరపాటు

2015 మే నెలాఖరున మధ్యాహ్నం మా అత్తయ్య పల్లె నుండి నాకు ఫోను చేసింది. డెబ్బై ఏళ్ళు దాటిన మా మేనమామ చేను నుండి వచ్చి అరుగు మీద పడుకున్నాడని, ఏదో సంబంధం లేని మాటలు మాట్లాడుతున్నాడని చెప్పింది. "మజ్జిగ త్రాగించు అత్తయ్యా, అరికాళ్ళకు ఉల్లిరసం రాయి, సాయంత్రానికి వస్తాను" అన్నాను. ఆమె నా మాట ప్రకారమే చేసింది. మజ్జిగ పొలమారింది. ఒక గంట గడిచిన తరువాత ఆసుపత్రికి బయలుదేరారు గాని, ఆయన దారిలోనే కన్నుమూశాడు.

మాట తడబడుతున్నదని వినగానే నేను అడగవలసినది ఒకటే: ఒళ్ళు కాలిపోతున్నదా? వడదెబ్బలో శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు (104 ఫారెన్‌హీటు) దాటి మెదడు దెబ్బతింటుంది. చెమట ఆగిపోవచ్చు, శ్రమవలన తగిలినవారికి చెమట పడుతూనే ఉండవచ్చు. మాట తడబడటం, తూలటం, మూర్ఛ ప్రధాన లక్షణాలు. ఆ స్థితిలో ఇంటి పానీయాలకు సమయం మించిపోయినట్లే. నోట ఏమీ పోయరాదు. వెంటనే 108కు ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చన్నీళ్ళు పోస్తూ విసరవలెను. మెడ, చంకలు, గజ్జలలో మంచుగడ్డల మూట ఉంచవలెను. బండి వచ్చేవరకు ఇది ఆపరాదు. ఉల్లిపాయ జేబులో ఉంచుకుంటే వడ తగలదన్న నమ్మకం మీద ఎవరినీ ఎండలోకి పంపరాదు.

మరొక మాట. గది 40 డిగ్రీలు దాటినప్పుడు ఉత్త ఫ్యాను వేడిగాలినే విసురుతుంది. వృద్ధులకు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, ఆపైన ఫ్యాను వేయవలెను.

ఉరుము వినగానే

ఉరిమిందంటే గృహిణులు వడియాలు తీయటానికి మిద్దెకు, పిల్లలు రాలిన మామిడికాయలకు చెట్టు క్రిందికి పరుగెత్తుతారు. రెండూ ప్రమాదకరమే. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకండ్లకు మించకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్లు. ఇంటిలోనే ఉండవలెను, కుళాయి, తీగ ఉన్న టెలిఫోను, విద్యుత్ పరికరాలు తాకరాదు. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేవరకు బయటకు రారాదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ మర్దన ప్రారంభించి 108ని పిలవవలెను.

నిప్పు విషయంలో

నల్లమల, శేషాచలం అడవులలో వేసవి మంటలు మనకు కొత్త కాదు. 2014 మార్చిలో తిరుమల కొండలు రోజుల తరబడి తగులబడ్డాయి. ఆర్పకుండా పారవేసిన ఒక్క బీడీ ముక్క చాలు. ఇంటిలోనైతే గాలివాన సూచన కనిపించగానే పొయ్యి, దీపం, చెత్తమంట ఆర్పవలెను. కూలరు, ఫ్రిజ్ ఒకే ప్లగ్గుకు తగిలించరాదు. రాత్రి గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టివేయవలెను. అగ్నిమాపక కేంద్రం సంఖ్య 101.

ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి క్రింద ఉంచటమే ప్రథమ చికిత్స. సిరా, పేస్టు, నూనె, పసుపు పూయరాదు. చల్లబడిన తరువాత, బొబ్బ లేక కేవలం ఎర్రబడిన చిన్న గాయానికి కలబంద గుజ్జు వాడవచ్చు.

వాతావరణ శాఖ హెచ్చరికలలో పసుపు రంగు గమనించమని, నారింజ సిద్ధపడమని, ఎరుపు వెంటనే చర్య తీసుకొనమని సూచిస్తాయి. ఉదయం వార్తలతో పాటు దీనిని తెలుసుకొని, ఆనాటి ప్రయాణాన్ని, పొలం పనిని, మిద్దె మీద వడియాలను నిర్ణయించుకొనండి. మజ్జిగ ఆరోగ్యవంతుని అమృతం. స్పృహ తప్పినవానికి అది మందు కాదు. ఈ ఒక్క భేదం ఆనాడు నాకు సమయానికి స్ఫురించి ఉంటే, మా మేనమామ మరికొన్ని వేసవులు చూసి ఉండేవాడేమో. మీ ఇంటిలోని పెద్దల విషయంలో మీరు ఆ పొరపాటు చేయకండి.