తీర్పు లేని శిక్ష

అనంతపురం కరువు పీఠభూమిలోని తనకల్లు నుంచి వచ్చిన ఒక ఎరుకల విద్యార్థిని నా దగ్గర చదువుతోంది. వసతి గృహంలో ఎవరి వస్తువు పోయినా ముందు తన పెట్టెనే వెతుకుతారని ఒకనాడు చెప్పింది. ఆపై, "మా జేజి చిన్నప్పుడు ఊరు దాటల్లంటే చీటీ ఉండల్లంట సార్" అన్నది. ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే.

1858 తర్వాత వలస ప్రభుత్వం శిక్ష పడిన స్త్రీలను సైతం అండమాన్‌కు ఓడలెక్కించింది. ఆ శిక్ష ఎంత క్రూరమైనదైనా, దానికి ముందు ఒక అభియోగం, ఒక విచారణ, ఒక తీర్పు ఉండేవి. ఎరుకల స్త్రీకి ఆ పాటి న్యాయం కూడా దక్కలేదు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వర్తించింది. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే దానిని న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు లేదు. నేరానికి రుజువు పుట్టుకే.

వీరు అంతకుముందు ఎవరు? ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అనే పేర్లే వారి వృత్తులు చెబుతాయి. పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి మెట్ట ప్రాంతాలకు చేర్చినవారు వారు. రైలు మార్గాలు, సర్కారు ఉప్పు విధానం ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1876-78 కరువు సీమలో పశువులను తుడిచిపెట్టింది. బతుకుతెరువు పోగొట్టినవారే వారికి దొంగలని పేరు పెట్టారు.

1913 ప్రాంతంలో బాపట్ల సమీపాన స్టూవర్టుపురం వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఊరూరా తిరిగి సోది చెప్పి, గంపలు అమ్మి ఇల్లు నడిపిన స్త్రీ అక్కడ హాజరు పట్టీలో ఒక పేరయింది. ఆమె సంచారాన్ని ఆనాటి పోలీసులు దొంగతనానికి వేసే ఆరాగా చూశారు. చీరాల పొగాకు కర్మాగారానికి ఈ సెటిల్మెంటు నుంచి చవక కూలీలు దొరికారు. అన్నిటికన్నా కఠినమైనది మరొకటి: ఆరేళ్లు దాటిన బిడ్డలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారాన్ని ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. కన్నతల్లి పెంపకమే నేరానికి బడి అన్నది దాని వెనకనున్న తలంపు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కాని 1962లో ఆంధ్రప్రదేశ్‌కు 'అలవాటు నేరస్థుల' చట్టం వచ్చింది. విముక్త తెగలను అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఈలోగా మన సినిమా స్టూవర్టుపురం దొంగను పదేపదే తెరకెక్కించింది. హాజరుకు నిలబడిన ఆడమనిషి కథ దానికి అవసరపడలేదు.

రాజకీయ ఖైదీల అండమాన్‌ను మనం పాఠాలలో చదువుతాం. నేరమే చేయని ఎరుకల తల్లుల స్టూవర్టుపురాన్ని కూడా అదే పాఠంలో చదవాలి. దానిని చదవని చదువే వసతి గృహంలో ఆ అమ్మాయి పెట్టెను ముందుగా తెరుస్తున్నది.