మన వాకిట పుట్టు పొగ, మన ఇంటి దగ్గు

కార్తీకము మొదలుకొని మాఘము వరకు అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతముల నుండి దగ్గు, ఆయాసము, ముక్కుదిబ్బడలతో నా వద్దకు వచ్చువారు ఎక్కువగుచుందురు. అందరు అడుగునది ఒక్కటే: "మంచి కషాయమేదైన వ్రాసి ఇవ్వండి." వ్రాసి ఇచ్చుట సులభమే. కాని రోగమునకు మూలమైన కారణమును తొలగించుటయే మొదటి చికిత్స. దానినే ఆయుర్వేదము నిదాన పరివర్జనమనును. చరకసంహిత శ్వాసరోగ కారణములను చెప్పుచు ధూళిని, పొగను మొట్టమొదటనే పేర్కొన్నది. పొగలో కూర్చుండి కషాయము త్రాగినచో ప్రయోజనమేమి?

పంజాగుట్ట కూడలిలోని వాహనముల పొగను ఒక గృహస్థు ఆపజాలడు, నిజమే. అయితే చలికాలపు రాత్రులందు నేల చల్లబడి, దానిని ఆనుకొనిన గాలియు చల్లనై బరువెక్కును. పైనున్న వెచ్చని గాలి దానికి మూతవలె నిలుచును. అందుచే పొగ పైకి పోలేక, ఎండ ముదురువరకు వీధులలోనే తిరుగుచుండును. అట్టి వేళ మన సందులో వేసిన చిన్న మంట పొగయు పక్కింటి పసిబిడ్డ ఊపిరిలోనికే చేరును. ఉదయపు నడకకు పోవువారు ఆ నెలలలో కొంత ఎండ వచ్చిన పిమ్మట, పెద్ద రోడ్డును విడిచి లోపలి వీధులలో నడచుట మేలు.

రాలిన ఆకులను, ప్లాస్టిక్ కవర్లను పోగుచేసి అంటించు అలవాటు మొదట మానవలెను. బహిరంగముగా చెత్త కాల్చుటను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతట నిషేధించినది. కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినచో 25,000 రూపాయలు చెల్లించవలెనని ఆదేశించినది. అపార్టుమెంటు కాపలాదారుని కోపగించి లాభము లేదు. తడి చెత్తను, పొడి చెత్తను కలిపి అతని చేతికిచ్చునది మనమే కదా! ఎండుటాకులను పాత తొట్టిలో మట్టితో పొరలుగా వేసి, అప్పుడప్పుడు నీరు చిలకరించుచుండినచో కొన్ని నెలలలో మంచి ఎరువగును.

మన తల్లులు వాకిట కళ్లాపి చల్లుట ముగ్గు కొరకే కాదు, దానివలన దుమ్మును అణగును. నేడు సిమెంటు వాకిళ్లను పొడి చీపురుతో ఊడ్చి ఆ ధూళినంతయు గాలిలోనికి లేపుచున్నాము. ఊడ్చుటకు ముందు చెంబెడు నీరు చిలకరించిన చాలును. ఇంటిలోపల తడిబట్టతో తుడువవలెను.

ఇప్పుడు చెప్పబోవునది కొందరికి రుచింపకపోవచ్చును. సాంబ్రాణియైనను, అగరువత్తియైనను, వేపాకు పొగయైనను ఊపిరితిత్తులకు పొగయే. ధూపన విధి మన శాస్త్రములో కలదు, దానిని నేను కాదనుట లేదు. కాని మండువా ఇండ్లలో ధూపము వేసిన పెద్దలు, తలుపులు బిగించిన రెండు గదుల ఫ్లాటును ఎరుగరు. ఉబ్బసపు బిడ్డ ఉన్న ఇంట దీపము చాలును, దేవుడు తప్పుపట్టడు.

దోమల చుట్ట అంతకన్న చెడ్డది. చైనా, మలేషియా దేశముల చుట్టలను పరీక్షించి శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఒక చుట్ట పూర్తిగా కాలినచో వెలువడు సన్నని రేణువులు 75 మొదలు 137 సిగరెట్ల రేణువులకు సమానము. అమీర్‌పేటలో కోచింగు కొరకు వచ్చి, హాస్టలు గదిలో నలుగురైదుగురు కిటికీ మూసి, రాత్రంతయు చుట్ట వెలిగించుకొని నిద్రించు పిల్లలు తెల్లవారి దగ్గుచు వచ్చుటలో వింత ఏమున్నది? తల్లిదండ్రులు ఊరినుండి పచ్చళ్లతోబాటు ఒక దోమతెరయు పంపవలెను.

ఇక వాహనముల మాట. పంజాగుట్ట మీదుగా పోవు మెట్రో 2018 సెప్టెంబరు నుండి నడచుచున్నది. అమీర్‌పేట తరువాతి స్టేషనే పంజాగుట్ట. ఆ కొద్ది దూరమునకు కారు తీయనక్కరలేదు. ట్యూషను ముందు పిల్లలకై ఎదురుచూచునపుడు, పెద్ద సిగ్నలు వద్ద నిలిచినపుడు ఇంజను ఆపవలెను.

ఇన్ని చేసినను దగ్గు విడువనిచో తులసి, అల్లము, మిరియముల కషాయము పూటకు అరగ్లాసు, గోరువెచ్చగా త్రాగవచ్చును. పిత్తప్రకృతి కలవారికి మిరియములు తగ్గించవలెను. ఏడాది లోపు బిడ్డలకు తేనె ఇయ్యరాదు. ఉబ్బసమునకు పీల్చు మందు వాడుచున్నవారు కషాయమును నమ్మి దానిని మానరాదు. మాటాడలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నీలివర్ణమైనను ఇంటివైద్యముతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి పోవలెను.