దోసె పెనంపై నల్లని పొర వెనుక రసాయన శాస్త్రం

కొత్తగా కొన్న పోత ఇనుము పెనం మీద మొదటి దోసె చాలాసార్లు ముక్కలుగానే లేస్తుంది. కడిగి బోర్లిస్తే మర్నాటికి ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. చివరికి ఆ పెనం అటక ఎక్కుతుంది. పక్కింట్లో మాత్రం అమ్మమ్మ కాలం నాటి పెనం మీద దోసె కాగితంలా లేచి వస్తుంటుంది. రెండు పెనాల్లోనూ లోహం ఒకటే. తేడా అంతా పాత పెనం మీద ఉన్న పల్చటి నల్లని పొరలో ఉంది.

ఈ పొరను ఏర్పరచడాన్నే ‘సీజనింగ్’ అంటారు. అది ఎలా ఏర్పడుతుందో తెలిస్తే పెనాన్ని కాపాడుకోవడం తేలిక. ఇనుప పాత్రల్లో వండితే రక్తహీనత తగ్గుతుందన్న మాటలో ఎంత నిజం ఉందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

వేడిని పట్టి ఉంచే లోహం

పోత ఇనుములో సుమారు 2 నుంచి 4 శాతం కార్బన్ ఉంటుంది. కరిగించిన ఇనుమును అచ్చులో పోసి పెనం తయారు చేస్తారు. వేడిని ప్రసరింపజేయడంలో అల్యూమినియం దీనికంటే ఎన్నో రెట్లు మెరుగు. కానీ ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిని పోలిస్తే, ఒక్కో డిగ్రీకి ఇనుము దాదాపు మూడో వంతు ఎక్కువ వేడిని నిల్వ చేసుకుంటుంది. పైగా పోత పెనం మందంగా ఉంటుంది. అందుకే చల్లటి పిండి పోసినా దాని వేడి ఒక్కసారిగా పడిపోదు. దోసె కరకరలాడేది అందుకే.

ఈ ఇనుముకు ఒక బలహీనత కూడా ఉంది. అందులోని కార్బన్ గ్రాఫైట్ రేకులుగా పరుచుకుని ఉంటుంది. ఆ రేకుల వెంట పగుళ్లు సులువుగా పాకుతాయి. కాలుతున్న పెనం మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే ఫరవాలేదు. చెంబుడు చన్నీళ్లు కుమ్మరిస్తే మాత్రం లోహం ఒక్కచోట హఠాత్తుగా కుంచించుకుని పెనం పగలవచ్చు.

నూనె గట్టి పొరగా మారే తీరు

నూనె అణువుల్లో పొడవాటి కార్బన్ గొలుసులు ఉంటాయి. కొన్ని గొలుసుల్లో ద్విబంధాలు ఉంటాయి. పల్చగా పూసిన నూనెను గాలి తగిలేలా బాగా వేడిచేస్తే, ఆ ద్విబంధాల పరిసరాల్లో ఆక్సిజన్ చర్య జరుపుతుంది. పక్కపక్క అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద వలలా, అంటే పాలిమర్‌గా మారతాయి. అది ఇక నూనెలా జారదు, తుడిస్తే పోదు. చిత్రకారులు వాడే అవిసె నూనె రంగులు ఆరి గట్టిపడేదీ ఇలాంటి చర్యతోనే. ఆస్ట్రేలియాలో నిప్పుల మీద పెట్టి వండే క్యాంప్ ఓవెన్లకు నూనె పట్టించి కాల్చేదీ ఈ పొర కోసమే.

నూనెలో ద్విబంధాలు ఎన్ని ఉన్నాయో అయోడిన్ విలువ సూచిస్తుంది. కొబ్బరి నూనెకు ఇది సుమారు 10. వేరుశనగ నూనెకు 90, నువ్వుల నూనెకు 110, పొద్దుతిరుగుడు నూనెకు 130 దరిదాపుల్లో ఉంటుంది. అవిసె నూనెకు 170 పైమాటే. అందుకే కొబ్బరి నూనెతో పొర సరిగా కట్టదు. అవిసె నూనె పొర గట్టిగా ఉన్నా పెచ్చులుగా లేచే అవకాశం ఉంది. వంటింట్లో ఉండే పొద్దుతిరుగుడు, నువ్వుల, వేరుశనగ నూనెలు సరిపోతాయి.

ముందుగా పెనాన్ని కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టాలి. అర చెంచా నూనె రాసి, పొడిబట్టతో దాదాపు అంతా తుడిచేయాలి. కిటికీలు తెరిచి, పొగ వచ్చి తగ్గేదాకా వేడిచేయాలి. చల్లారాక మళ్లీ ఇలాగే నాలుగైదుసార్లు చేయాలి. నూనె మందంగా ఉంటే లోపలి వరకు ఆక్సిజన్ చేరక జిగురుగా మిగిలిపోతుంది. నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో పెనం రుద్దే అలవాటులోని మేలు ఇదే. అది వేడికి తట్టుకుంటూ నూనెను పల్చగా, సమంగా పరుస్తుంది.

పొరకు శత్రువులు

పాత్రలు తోమే తేలికపాటి ద్రవంతో త్వరగా కడిగితే ఈ పొర కరిగిపోదు. ఘాటైన క్షారాలు మాత్రం దాన్ని విడగొడతాయి. సోడా ఉన్న పొడులు, స్టీలు పీచు, రాత్రంతా నీళ్లలో నానబెట్టడం మంచివి కావు. కడిగిన వెంటనే సన్నని మంట మీద తడి ఆర్చి, ఒక చుక్క నూనె రాసి పెట్టాలి.

మరో శత్రువు పులుపు. దోసె పిండి పుల్లనిదే అయినా పెనం మీద ఉండేది రెండు మూడు నిమిషాలే. చింతపండు పులుసు, టమాటా కూర అరగంట ఉడికితే ఆమ్లాలు పొరను బలహీనపరచి, ఇనుమును కరిగిస్తాయి. కూర నల్లబడి, లోహపు రుచి వస్తుంది.

మరి రక్తహీనత?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇథియోపియాలో పిల్లలపై జరిపిన ఒక అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అల్యూమినియం పాత్రల్లో వండిన ఆహారం తిన్నవారికంటే ఇనుప పాత్రల్లో వండినది తిన్నవారిలో హిమోగ్లోబిన్ ఎక్కువగా పెరిగిందని అది తేల్చింది.

ఆ ఫలితాన్ని దోసె పెనానికి నేరుగా అన్వయించలేం. తేమ, పులుపు, వండే సమయం పెరిగితేనే ఆహారంలోకి ఇనుము ఎక్కువగా చేరుతుంది. దోసె అంటుకోకుండా కాపాడే పొరే ఇనుమును కూడా చాలావరకు అడ్డుకుంటుంది. అంటే నున్నటి పెనం, ఇనుము అందించే పాత్ర ఒక్కటే కావాలంటే కుదరదు. రక్తహీనత ఉన్నవారు పెనాన్ని నమ్ముకుని మాత్రలు మానకూడదు. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా బాధితుల్లో ఇనుము పేరుకుపోయే ముప్పు ఉంటుంది కనుక, వారు ఇనుప పాత్రల్లో వంట గురించి వైద్యుల సలహా తీసుకోవాలి.

ఇక అటక మీది పెనం సంగతి. తుప్పు పట్టింది పైపైన మాత్రమే అయితే లోపలి లోహానికి ఏమీ కాలేదు. స్టీలు పీచుతో ఇనుము కనిపించేదాకా తోమి, కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె పూతలు మొదటి నుంచి వేస్తే చాలు. మొదట్లో కొన్ని దోసెలు అంటుకోవచ్చు. వాడే కొద్దీ పొర కుదురుకుంటుంది.