ఆకాశపు టపా

గోదావరి కిరుప్రక్కల నున్న పాత కరీంనగరము, పాత ఆదిలాబాదు జిల్లాల వారికి వరద క్రొత్త గాదు. వంతెనలు లేని దినములలో నది పొంగినప్పుడు పడవ నిలిచిపోయెడిది. టపా మోయువాడు సంచిని విడువక యొడ్డుననే కనిపెట్టుకొని యుండి, నీరు తీసిన పిమ్మట దాటెడివాడు. ఆవలివారు సంచిని పుచ్చుకొనువరకు దానికి వాడే పూచీదారు. దారి నమ్మదగినది కాకపోయినను టపా నమ్మదగినదిగా నుండుటకు ఈ పూచీయే కారణము. ఆకాశమార్గమున వార్తలు పంపువారును నేడు ఈ నియమమునే యనుసరించుచున్నారు. అది యెట్లో ఇందు వివరింతుము.

ఇది మనకేల యందురేమో. 2022 జూలైలో కడెము ప్రాజెక్టునకు గేట్లు విడువగల దానికంటె ఎక్కువ నీరు వచ్చి, గేట్లమీదుగా పొర్లెను. దిగువ గ్రామముల ప్రజలను తరలింపవలసివచ్చెను. అట్టి వేళ మబ్బు క్రమ్మియుండుటచే సామాన్యపు కెమెరాకు నేల కనబడదు. మబ్బును, చీకటిని దాటి చూడగల రాడారు కలిగిన ఉపగ్రహములు, 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోటనుండి యెగిరిన ఇ.ఒ.ఎస్.-04 వంటివి, నీరు ఎంతమేర పరచుకొన్నదో చూపగలవు. ఆ చిత్రము చెడి వచ్చినను, ఆలస్యముగా వచ్చినను, ఏ యూరు మునిగినదో సమయమునకు తెలియదు.

ఇందు మూడు చిక్కులు కలవు.

మొదటిది, ఉపగ్రహము ఎల్లప్పుడును కనబడదు. 2011 ఏప్రిల్ 20న పంపబడిన రిసోర్స్‌శాట్-2 ను చూడుడు. అది 817 కిలోమీటర్ల యెత్తున, సుమారు 101 నిమిషముల కొకమారు భూమిని చుట్టునట్లు ఏర్పరుపబడెను. హైదరాబాదునకు దక్షిణమున షాద్‌నగరునొద్ద నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరు వారి గ్రాహకకేంద్రము కలదు. అట్టి ఉపగ్రహము ఆ కేంద్రమునకు ఒక్కొక్కమారు పావుగంటకు మించి కనబడదు. కావున దానిలో 200 గిగాబైట్ల చొప్పున పట్టు రెండు నిల్వయంత్రముల నమర్చిరి. దూరదేశములపై తీసిన చిత్రములను అందులో దాచుకొని, కేంద్రము కనబడినప్పుడు దింపును. ఇదియే యొడ్డున వేచియుండుట. ధ్రువములమీదుగా తిరుగు ఉపగ్రహము ధ్రువప్రాంతమున నున్నవారికి దాదాపు ప్రతి చుట్టునందును కనబడును గనుక, 2013లో అంటార్కిటికాయందలి భారతి స్థావరమునను ఒక గ్రాహకకేంద్రమును నెలకొల్పిరి. అక్కడ దిగిన చిత్రములు వేరొక ఉపగ్రహము ద్వారా షాద్‌నగరు చేరును.

రెండవది, దారిలో అంకెలు చెడును. మార్కుల పట్టికను తలంచుకొనుడు. ప్రతి వరుసకును, ప్రతి నిలువునకును మొత్తము వ్రాసి పంపితిమనుకొందము. నకలు వ్రాయువాడు ఒక అంకెను తప్పు వ్రాసినచో ఒక వరుస మొత్తమును, ఒక నిలువు మొత్తమును సరిపడవు. ఆ రెండును కలిసినచోటనే తప్పున్నది. ఎంత తేడా వచ్చెనో చూచి, పంపినవాని నడుగకయే దిద్దవచ్చును. ఇట్లు కొంత యధికముగా పంపి తప్పులు దిద్దు పద్ధతులలో, 1960లో రీడ్, సోలమన్ అను గణితజ్ఞులు కనుగొన్నది మిక్కిలి ప్రసిద్ధము.

మూడవది, దూరము. 2014 సెప్టెంబరు 24న మంగళయానము అంగారకుని చేరినప్పుడు రేడియో వార్త ఒకవైపు పోవుటకే సుమారు 12 నిమిషములు పట్టెను. ఇంజను మండుచుండగా నౌక గ్రహము చాటునకు పోయెను. అందుచే చేయవలసిన ఆజ్ఞలన్నియు ముందుగానే దానికి పంపియుంచిరి. వెంటనే బదులు వచ్చునని తలంచు ఇంటర్నెట్టు నియమములు ఇట్టి దూరములకు చాలవు. ఇంటర్నెట్టు నిర్మాతలలో నొకడైన వింటన్ సెర్ఫ్, ఆయన సహచరులు 1998 మొదలు దీనిని విచారించిరి. ఒక్కొక్క మజిలీ వార్తను దాచియుంచి, దారి తెరచినప్పుడు ముందరి మజిలీకి అప్పగించునట్టి పద్ధతి దానినుండి పుట్టెను. ఇది మన టపా సంచి కథయే.

ఒక దారి మూసినచో రెండవదియు నుండవలెను. 2023 ఆగస్టు 23న చంద్రయానము-3 చంద్రునిపై దిగెను. దానికి రెండు దినములకు ముందే, 2019 నుండి చంద్రుని చుట్టు తిరుగుచున్న చంద్రయానము-2 నౌకతో దానికి సంబంధము కుదిర్చిరి. బెంగుళూరునొద్ద బైలాలు కేంద్రముతో నేరుగా మాటలాడుట కుదరనిచో నిది సాయపడునని వారి తలంపు.

విద్యార్థులారా, వరదను, దూరమును మనము తొలగింపలేము. పూచీని మాత్రము వహింపగలము. మీకొప్పగించిన చిన్న పనినైనను, అవతలివారు చేరెనని చెప్పువరకు విడువకుడు. దేవుడు మీకట్టి నమ్మకత్వము ననుగ్రహించుగాక.